కొట్టివేతల్లో దొరికిన మాటలు

1941 డిసెంబరు 7, ఆదివారం సాయంత్రం. పెర్ల్ హార్బర్ మీద జపాన్ విమానాలు బాంబులు కురిపించి కొద్ది గంటలే అయింది. వైట్‌హౌస్‌లోని తన గదిలో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ కార్యదర్శి గ్రేస్ టల్లీని పిలిచి, మర్నాడు కాంగ్రెస్ ముందు చదవాల్సిన ప్రసంగాన్ని కామాలతో సహా చెప్పి రాయించారు. ఆవిడ టైపు చేసి తెచ్చిన కాగితంలో, ఆ రోజు 'ప్రపంచ చరిత్రలో నిలిచిపోతుంది' అని ఉంది. రూజ్వెల్ట్ కలం తీసుకుని 'ప్రపంచ చరిత్ర'ను కొట్టేశారు. ఆ రోజు 'అపకీర్తితో' నిలిచిపోతుందని పైన రాశారు. ఇంకాస్త కిందికొచ్చి, దాడి 'ఏకకాలంలో' జరిగిందన్న చోట ఆ మాటనూ తీసేసి 'హఠాత్తుగా' అని మార్చారు.

ఆ కాగితం న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్ అనే ఊళ్లో, రూజ్వెల్ట్ పేరిట ఉన్న గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. చరిత్రలో మంచి రోజులూ నిలుస్తాయి, చెడ్డ రోజులూ నిలుస్తాయి. మొదటి ముసాయిదాలో ఉన్నది ఒక ప్రకటన మాత్రమే. దిద్దిన తర్వాత అది తీర్పు అయింది.

పెద్ద ప్రసంగం చేయండి, జపాన్‌తో జరిగిన చర్చల చరిత్రంతా చెప్పండి అని విదేశాంగ శాఖ వైపు నుంచి సలహా వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. మర్నాడు ఆరేడు నిమిషాల్లో ముగించారు. గంటలోపే యుద్ధ ప్రకటనకు సెనేట్ 82-0 తేడాతో, ప్రతినిధుల సభ 388-1 తేడాతో ఆమోదం తెలిపాయి. ఆ ఒక్క వ్యతిరేక ఓటు మోంటానా సభ్యురాలు జెనెట్ రాంకిన్‌ది. ఇంత చేసి, రూజ్వెల్ట్ ఆ రోజు చదివిన ప్రతిని సభలోనే వదిలేసి వెళ్లిపోయారు. సెనేట్ గుమాస్తా ఒకరు దాన్ని తీసి ఫైల్లో పెట్టారు. అది మళ్లీ కంటపడింది 1984లో.

అమెరికా అధ్యక్షుడి ఉద్యోగంలో సగం మాట్లాడటమే. ప్రమాణ స్వీకారం నాడు మాట్లాడాలి, ఏటా కాంగ్రెస్‌కు దేశ పరిస్థితి చెప్పాలి, యుద్ధమొచ్చినా వరదొచ్చినా జనం ముందుకు రావాలి. రెండు వందల ముప్ఫై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ మాటల ప్రవాహంలో జనం నాలుక మీద నిలిచినవి ఏ పాతికో ముప్ఫయ్యో. అవి ఎలా నిలిచాయని వెతుక్కుంటూ పోతే ముందు కనిపించేది వాక్చాతుర్యం కాదు, చిత్తు ప్రతులు. నిలిచిన వాక్యాల్లో చాలావాటి వెనక కొట్టివేతలున్నాయి, సలహాదారులతో వాదనలున్నాయి. ఆ మాట మీద ఆ తర్వాత ఏం చేశారన్న లెక్క కూడా ఉంది.

తెలుగు పిల్లలందరికీ సాంఘిక శాస్త్రం పుస్తకంలో పరిచయమయ్యే అధ్యక్షుడి మాట ఒకటుంది. ప్రజాస్వామ్యమంటే ఏమిటని మాస్టారు అడగ్గానే 'ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు' అని తరగతి మొత్తం అప్పజెబుతుంది. అది అబ్రహాం లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగంలోని చివరి వాక్యంలోది. కానీ ఆయన అక్కడ ప్రజాస్వామ్యానికి నిర్వచనం చెప్పడానికి నిలబడలేదు. ఎదురుగా ఉన్నవి కొత్తగా తవ్విన సమాధులు. 1863 జులై మొదటి మూడు రోజుల్లో పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊరి పొలాల్లో జరిగిన అంతర్యుద్ధపు పోరులో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, పట్టుబడినవాళ్లు, ఆచూకీ తెలియనివాళ్లు కలిపి రెండు వైపులా సుమారు 51,000 మంది. ఆ సైనికుల శ్మశానవాటికను అంకితం చేసే సభ నవంబరు 19న జరిగింది.

ఆ సభకు ప్రధాన వక్త లింకన్ కాదు. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే మహావక్త, ఒకప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు. ఆయన రెండు గంటలు మాట్లాడారు. లింకన్‌కు పంపిన ఆహ్వానంలో అడిగింది 'సందర్భానికి తగిన నాలుగు మాటలు' మాత్రమే. లింకన్ మాట్లాడింది దాదాపు 272 పదాలు, పది వాక్యాలు, రెండు నిమిషాలు.

రైల్లో వస్తూ పాత కవరు వెనక గిలికేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఆయన చేతిరాతలో ఐదు ప్రతులు మిగిలాయి. వాటిలో మొదటిదిగా చెప్పుకునే ప్రతిని చూస్తే సంగతి తెలుస్తుంది. మొదటి పుట అధ్యక్ష భవనం కాగితం మీద సిరాతో ఉంది, రెండోది వేరే రకం కాగితం మీద పెన్సిలుతో ఉంది. అంటే కొంత వాషింగ్టన్‌లో రాసుకుని, తర్వాత మనసు మార్చుకుని మిగతాది తిరగరాశారన్న మాట. ఆ తొలి ప్రతుల్లో దేవుడి ప్రస్తావన లేదు. విలేకరులు రాసుకున్న పాఠాల్లో ఉంది. వేదిక మీద నిలబడ్డాక ఆ మాట చేరినట్టుంది. ఇక 'ప్రజల చేత' అన్న ప్రయోగానికీ ముందు జాడలున్నాయి. బోస్టన్ మతబోధకుడు థియడోర్ పార్కర్ దాదాపు ఇదే మాట అంతకుముందే అన్నారు. లింకన్‌తో కలిసి వకీలుగా పనిచేసిన హెర్న్‌డన్, పార్కర్ ప్రసంగాలను తెచ్చి ఆయనకిచ్చారు. పార్కర్ వాక్యంలో అన్నిచోట్లా ఉన్న 'అందరు' అనే మాట లింకన్ దగ్గరికి వచ్చేసరికి పోయింది. వాక్యం నడక తేలికైంది.

అప్పట్లో అందరూ మెచ్చుకోలేదు. పక్కనే ఉన్న హారిస్‌బర్గ్ పట్టణపు పత్రిక దాన్ని పిచ్చిమాటలని తోసిపారేసింది. ఆ పత్రిక వారసత్వంగా నడుస్తున్న 'పేట్రియట్ న్యూస్' 2013 నవంబరులో, నూట యాభై ఏళ్ల తర్వాత, ఆనాటి సంపాదకీయాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు అచ్చు వేసింది. ఎవరెట్ మాత్రం మర్నాడే లింకన్‌కు ఉత్తరం రాశారు. మీరు రెండు నిమిషాల్లో పట్టుకున్న అసలు విషయానికి నేను రెండు గంటల్లో చేరువకాగలిగి ఉంటే సంతోషించేవాణ్నని ఒప్పుకున్నారు. ఓడిన వక్త ఇంత నిండు మనసుతో మాట్లాడటం అరుదు.

లింకన్ దగ్గరే ఇంకొంచెం ఆగాలి. 1861 మార్చి 4న మొదటిసారి ప్రమాణం చేసేనాటికి ఏడు దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాయి. తొలి ముసాయిదా చివర్లో ఆ రాష్ట్రాలను ఉద్దేశించి, శాంతి కావాలో కత్తి కావాలో మీరే తేల్చుకోండి అన్నట్టు ఒక ప్రశ్న ఉండేది. విదేశాంగ మంత్రి కాబోతున్న విలియం సీవార్డ్ అది చదివి, ముగింపు ఇంత కటువుగా వద్దని, తానే ఒక పేరా రాసిచ్చారు. అందులో జాతిని కాపాడే దేవదూత ఒకడుంటాడు. లింకన్ సలహా తీసుకున్నారు కానీ వాక్యాలను అలాగే వాడలేదు. ఆకాశంలో ఉన్న దేవదూతను తెచ్చి మనిషి స్వభావంలో పెట్టారు. మనం శత్రువులం కాదు, స్నేహితులం అని చెప్పి, మన స్వభావంలోని మంచి దేవతలు మళ్లీ మనల్ని తాకుతారని ముగించారు. సీవార్డ్ పేరాను, లింకన్ పేరాను పక్కపక్కన పెట్టి చదవడం కంటే రాయడం గురించి మంచి పాఠం ఇంకొకటి దొరకదు. ఆ మాటలు మాత్రం యుద్ధాన్ని ఆపలేకపోయాయి. 39 రోజుల తర్వాత, ఏప్రిల్ 12న, ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి.

పొడుగు ప్రసంగాల సంగతికొస్తే 1841లో విలియం హెన్రీ హారిసన్ ప్రమాణ స్వీకారం నాడు దాదాపు రెండు గంటలు చదివారు. 8,400 పదాలు దాటిన ఆ ప్రసంగంలోంచి ఈ రోజు ఒక్క వాక్యం కూడా ఎవరికీ గుర్తులేదు. వాషింగ్టన్ రెండోసారి ప్రమాణం చేసినప్పటి ప్రసంగం 135 పదాలే.

రూజ్వెల్ట్ పేరు చెప్పగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది 1933 మార్చి 4న అన్న మాట: భయపడాల్సింది ఒక్క భయానికే. అది గొప్ప వాక్యమే. కానీ ఆయన అసలు ప్రతిభ ఎనిమిది రోజుల తర్వాత, మార్చి 12 ఆదివారం రాత్రి రేడియోలో చేసిన ప్రసంగంలో కనిపిస్తుంది. అప్పటికి దేశంలో బ్యాంకుల మీద నమ్మకం పూర్తిగా పోయింది. జనం వరస కట్టి డబ్బు తీసేసుకుంటున్నారు. ప్రభుత్వం బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించి తలుపులు మూసేసింది. మర్నాటి నుంచి దశలవారీగా తెరవాలి. తెరిచిన రోజే జనం మళ్లీ ఎగబడితే కథ ముగిసినట్టే.

ఆ రాత్రి ఆయన మొదలుపెట్టిన తీరు చూడండి. మిత్రులారా, బ్యాంకు వ్యవహారాల గురించి మీతో కాసేపు మాట్లాడతాను అన్నారు. మీరు డబ్బు వేస్తే బ్యాంకు దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకోదు, దాన్ని పనిలో పెడుతుంది, అందువల్ల అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు అని విడమరిచారు. పరుపు కింద దాచుకోవడం కన్నా తిరిగి తెరిచిన బ్యాంకులో ఉంచడమే క్షేమమని భరోసా ఇచ్చారు. ఆర్థికశాస్త్రంలోని బరువైన మాటలు దగ్గరికి రానివ్వలేదు. ఖజానా శాఖ నుంచి వచ్చిన ముసాయిదాను ఇంట్లో వాళ్లకు చెబుతున్నంత సులువుగా మార్చుకున్నారు. పదమూడు, పద్నాలుగు నిమిషాల ప్రసంగం. మర్నాడు బ్యాంకుల ముందు మళ్లీ వరసలు కనిపించాయి, ఈసారి డబ్బు వేయడానికి. రెండు వారాలు తిరిగేసరికి జనం దాచుకున్న నగదులో సగానికి పైగా తిరిగి బ్యాంకులకు చేరింది. అధ్యక్షుల ప్రసంగాల్లో మాట నేరుగా పనిచేసి ఫలితం కళ్లకు కట్టినది ఒక్కటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకోవచ్చు. సంకలనాల్లో దీనికి రావాల్సినంత చోటు దక్కలేదు.

ఆయన తర్వాత వచ్చిన హ్యారీ ట్రూమన్ పేరు నిలబెట్టిన మాట ప్రసంగంలోది కాదు, బల్ల మీది పలక. బాధ్యతను ఇక్కడి నుంచి ఇంకొకరి మీదికి నెట్టేది లేదని దాని భావం. ఒక్లహోమాలోని ఒక జైలు పనిశాలలో తయారైన ఆ పలకను 1945లో ఒక స్నేహితుడు పంపించారు. పదవి దిగిపోతూ 1953 జనవరిలో చేసిన వీడ్కోలు ప్రసంగంలోనూ ట్రూమన్ అదే చెప్పారు. నిర్ణయం అధ్యక్షుడిదే, అతని బదులు ఇంకెవరూ నిర్ణయించలేరు అన్నారు.

వీడ్కోలు ప్రసంగాల్లో తలమానికం ఐజెన్‌హోవర్‌ది. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రసేనలను నడిపిన ఐదు నక్షత్రాల జనరల్ ఆయన. అలాంటి మనిషి 1961 జనవరి 17న, పదవి ముగియడానికి మూడు రోజుల ముందు, టెలివిజన్‌లో కనిపించి సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసి ప్రభుత్వం మీద పెంచుకుంటున్న పట్టును గమనించుకోమని దేశాన్ని హెచ్చరించారు. శాంతి ఉద్యమకారులు అంటే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. సైన్యంలోనే జీవితం గడిపినవాడు అన్నాడు కాబట్టి ఆ మాటకు అంత బరువొచ్చింది. ఆ హెచ్చరిక ఇప్పటికీ పాతబడలేదు.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటి. ఇవన్నీ అధ్యక్షులే రాసుకున్నారా? లేదు, ఎక్కువగా రాసుకోలేదు. ఇది ఈ మధ్య వచ్చిన అలవాటు కూడా కాదు. జార్జి వాషింగ్టన్ వీడ్కోలు సందేశానికి 1792లో జేమ్స్ మాడిసన్ ముసాయిదా రాస్తే, 1796లో అలెగ్జాండర్ హామిల్టన్ దాన్ని విస్తరించారు. వాషింగ్టన్ తన చేత్తో తిరగరాసి పత్రికకు పంపారు. అది వేదిక మీద చదివిన ప్రసంగమే కాదు. కెనడీ దగ్గర టెడ్ సోరెన్సెన్ ఉండేవారు. దేశం మీకేం చేస్తుందని కాక దేశానికి మీరేం చేయగలరో అడగండి అన్న 1961 నాటి వాక్యంలో ఎవరి పాలెంతని ఎన్నిసార్లు అడిగినా సోరెన్సెన్ తేల్చి చెప్పలేదు. రాసిచ్చింది ఎవరైనా నలుగురి ముందు నిలబడి పలికినవాడే జవాబుదారీ. అందుకే అది ఆయన మాట అవుతుంది.

బెర్లిన్ గోడ నిలబడి ఉన్న రోజుల్లో ఆ నగరంలో జరిగిన రెండు ప్రసంగాల్లో ఇది బాగా కనిపిస్తుంది. 1963 జూన్ 26న కెనడీ తానూ బెర్లిన్‌వాసినేనని జర్మన్‌లో ప్రకటించారు. ఆ భాష ఆయనకు రాదు. నోటికి తిరగడానికి ఆ జర్మన్ మాటలను ఇంగ్లిషు ఉచ్చారణలో తన చేత్తో చీటీ మీద రాసుకున్నారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత, 1987 జూన్ 12న, రీగన్ వంతు వచ్చింది. ప్రసంగ రచయిత పీటర్ రాబిన్సన్ ముందుగా బెర్లిన్ వెళ్లి స్థానికులతో కలిసి భోజనం చేశారు. సోవియట్ నేత గోర్బచేవ్ చెప్పే సంస్కరణలు నిజమైతే ఈ గోడను తీసేసి చూపించమనండి అని ఆతిథ్యమిచ్చిన ఇల్లాలు అందట. ఆ కోపాన్ని రాబిన్సన్ ముసాయిదాలోకి ఎక్కించారు. విదేశాంగ శాఖ వద్దంది. జాతీయ భద్రతా మండలి వద్దంది. ఆ వాక్యం లేని ముసాయిదాలు మళ్లీ మళ్లీ పంపాయి. ఉండాల్సిందేనని రీగన్ పట్టుబట్టారు. మిస్టర్ గోర్బచేవ్, ఈ గోడను కూల్చేయండి అని బ్రాండెన్‌బర్గ్ ద్వారం దగ్గర నిలబడి అన్నారు. 1989 నవంబరు 9న గోడ దారులు తెరుచుకున్నాయి. దాన్ని తెరిపించింది తూర్పు జర్మనీ ప్రజల ఉద్యమం, మాస్కోలో మారిన విధానం. ఒక వాక్యంతో గోడ కూలిందనడం అతిశయోక్తే. కానీ అధికారులు కొట్టేయమన్న వాక్యాన్ని కాపాడుకున్న ఘనత రీగన్‌కు దక్కాలి.

మాట మెడకు చుట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1973 నవంబరు 17న ఫ్లోరిడాలో సంపాదకుల సమావేశంలో నిక్సన్ 'నేను వంచకుణ్ని కాను' అన్నారు. తొమ్మిది నెలలైనా తిరక్కముందే వాటర్‌గేట్ కుంభకోణం ఆయన చేత రాజీనామా చేయించింది. 1988 ఆగస్టులో పెద్ద బుష్, నా పెదవులు చదువుకోండి, కొత్త పన్నులుండవు అని ప్రతిజ్ఞ చేశారు. 1990లో లోటు తగ్గించడానికి పన్నులు పెంచే ఒప్పందానికి తలొగ్గారు. 1992 ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆ పాత మాటనే పదే పదే వినిపించారు, ఆయన ఓడిపోయారు.

లిండన్ జాన్సన్‌ను గొప్ప వక్తల జాబితాలో ఎవరూ చేర్చరు. కానీ 1965 మార్చి 15 రాత్రి ఆయన కాంగ్రెస్‌లో చేసిన ప్రసంగం ఈ శతాబ్దాల చరిత్రలో లింకన్ పక్కన పెట్టదగినది. అంతకు ఎనిమిది రోజుల ముందు అలబామాలోని సెల్మాలో, ఓటు హక్కు కోసం ఊరేగింపుగా బయల్దేరిన నల్లజాతీయులను ఎడ్మండ్ పెట్టస్ వంతెన దాటగానే పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదారు. దేశమంతా టీవీలో చూసింది. జాన్సన్ టెక్సస్‌వాడు, దక్షిణాది రాజకీయాల్లోనే ఎదిగినవాడు. ఆయన ప్రసంగ రచయిత రిచర్డ్ గుడ్విన్ ఆ రోజే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని ప్రసంగం రాశారు. అందులో ఉద్యమకారులు పాడుకునే పాటలోని పల్లవిని పెట్టారు. ఆ మాటలు దక్షిణాది అధ్యక్షుడి నోట వినగానే సభ ఒక్క క్షణం స్తంభించి, తర్వాత లేచి నిలబడింది. సెల్మాలో టీవీ ముందు కూర్చున్న మార్టిన్ లూథర్ కింగ్ కళ్లు చెమర్చాయని పక్కనే ఉన్న ఉద్యమ సహచరుడు జాన్ లూయిస్ తర్వాత చెప్పారు.

ఆ ప్రసంగంలో అంతకన్నా మనసుకు పట్టే భాగం మరొకటుంది. 1928లో జాన్సన్ టెక్సస్‌లోని కొటుల్లా అనే ఊళ్లో బడిపంతులు. పిల్లలంతా మెక్సికన్ కూలీల బిడ్డలు. చాలామంది పొద్దున ఏమీ తినకుండానే బడికొచ్చేవారు. లోకం తమను ఎందుకు ఇష్టపడదో ఆ పసివాళ్లకు తెలియదు, ఇష్టపడదని మాత్రం తెలుసు అన్నారాయన. అప్పుడు నాకు తెలిసిన కాస్త చదువు చెప్పడం తప్ప ఏమీ చేయలేకపోయాను, ఇప్పుడు అవకాశం ఉంది, వాడుకుంటాను అని సభకు చెప్పారు. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం మీద సంతకం చేశారు. ప్రసంగానికీ సంతకానికీ మధ్య ఐదు నెలలు కూడా లేవు.

ఆ ఏడాదే జాన్సన్ అన్న ఇంకో మాట తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. 1965 అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర వలస చట్టం మీద సంతకం చేస్తూ, ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలాది మంది జీవితాల మీద దీని ప్రభావం ఉండదు అన్నారు. అప్పటిదాకా భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఉండేది. ఆ చట్టం ఆ పద్ధతిని ఎత్తేసింది. గుంటూరు నుంచీ వరంగల్ నుంచీ వెళ్లిన డాక్టర్లకు, వాళ్ల వెనకే ఇంజనీర్లకు, తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్లకు అమెరికా దారి తెరుచుకున్నది దానితోనే. డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఈ రోజు కనిపించే తెలుగు కుటుంబాలు ఆ అంచనా తప్పని నిరూపించాయి.

చివరిగా, అధ్యక్షులు అనని మాటల గురించి. ప్రజలందరినీ ఎల్లకాలం మోసం చేయలేరన్న సూక్తిని లింకన్‌కు అంటగడతారు. ఆయన బతికుండగా అన్నట్టు గట్టి ఆధారం లేదు. మన బడుల్లో ఇంకా ఎక్కువగా కనిపించేది, కొడుకు చదివే బడి ప్రధానోపాధ్యాయుడికి లింకన్ రాశారని చెప్పే ఉత్తరం. నా బిడ్డకు ఇది నేర్పండి, అది నేర్పండి అని సాగే ఆ ఉత్తరాన్ని పటం కట్టి గోడకు పెడతారు, టీచర్స్ డే నాడు చదివిస్తారు, వాట్సాప్‌లో పంచుతారు. లింకన్ రచనలన్నీ వెతికి కూర్చి 1953లో వెలువరించిన సమగ్ర సంపుటాల్లో అలాంటి ఉత్తరం లేదు. దాని భావం మంచిదే కావచ్చు, దాని కింద ఆయన పేరు పెట్టడం మాత్రం తప్పు.

లింకన్ నిజంగా ఒక అమ్మాయికి రాసిన ఉత్తరం ఉంది. తేదీ 1862 డిసెంబరు 23. ఇల్లినాయ్‌లో ఆయనకు తెలిసిన కోర్టు ఉద్యోగి విలియం మెక్‌కల్లౌ యుద్ధంలో చనిపోతే, దుఃఖంతో గదిలోంచి బయటికి రాని ఆయన కూతురు ఫ్యానీకి రాశారు. ఈ లోకంలో దుఃఖం అందరికీ వస్తుంది, చిన్నవాళ్లకు చెప్పకుండా వచ్చి పడుతుంది కాబట్టి మరీ చేదుగా ఉంటుంది, మళ్లీ సంతోషంగా ఉండగలనని ఇప్పుడు నీకు నమ్మకం కలగదు, కానీ తప్పకుండా ఉంటావు, నా అనుభవంతో చెబుతున్నాను అన్నది అందులోని సారం. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆయన పదకొండేళ్ల కొడుకు విల్లీ జ్వరంతో చనిపోయాడు. ఉత్తరం చిన్నదే. బడి గోడ మీద లింకన్ మాట ఉండాలని కోరుకునే ఉపాధ్యాయులు దీన్ని తెలుగు చేసి పెట్టండి. ఇది ఆయన రాసిందే.